ఇంజన్ ఇంటిపేరు

కారు ముందు మూత ఎత్తితే కనిపించే ఇంజన్ ఏ రకానిదో, అది ఆ కారుతోపాటే కర్మాగారం నుంచి వచ్చిందో లేక తర్వాత ఎక్కడినుంచో తెచ్చి బిగించారో యంత్రశాస్త్రం చదవని మనిషి తేల్చుకోగలడా? వాడిన కారు కొనబోయే ప్రతివారికీ వచ్చే ఈ ప్రశ్న ఎర్రసముద్రపు ఒడ్డున జిద్దాలో ఉంటున్న తెలుగువారికి మరింత తరచుగా ఎదురవుతుంది. జిద్దా పాతబస్తీ అయిన బలద్, పగడపురాతి ఇళ్లకూ వాటి గోడలకు అమర్చిన రోషన్లనే చెక్క గవాక్షాలకూ ప్రసిద్ధి చెంది 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతం. కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన డ్రైవర్లు, మెకానిక్‌లు, దుకాణాల పనివారు శుక్రవారం సెలవుపూట ఒకరినొకరు కలుసుకునే కూడలి కూడా అదే. ఉద్యోగాల కబుర్లు, ఇంటికి పంపవలసిన డబ్బు లెక్కలతోపాటు పాత కార్ల బేరాలు కూడా అక్కడి మాటల్లో దొర్లుతాయి. కుటుంబంతో ఉంటున్న చిరుద్యోగికైనా, సామాను చేరవేసి బతికే పనివాడికైనా పాత క్యామ్రీ ఒకటి చవకగా దొరుకుతున్నప్పుడు, "ఇంజన్ ఒరిజినల్, టూ పాయింట్ ఫైవ్" అని అమ్మేవారు అనే మాట నిజమా కాదా అన్నది కొన్ని నెలల సంపాదనకు సంబంధించిన విషయం.

ఈ అధ్యాయంలోని ఉదాహరణలు ఎక్కువగా టయోటా కార్ల నుంచి తీసుకున్నవి. 1955లో టయోటా పంపిణీ హక్కులు జిద్దాకే చెందిన అబ్దుల్ లతీఫ్ జమీల్ సంస్థకు దక్కినప్పటి నుంచి సౌదీ అరేబియా రోడ్లమీద ఆ కార్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. ఇటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెళ్లిళ్లకూ తిరుపతి యాత్రలకూ ఇన్నోవా ఎక్కని కుటుంబం అరుదు. రెండు చోట్లా పరిచయమున్న ఇంజన్లతో మొదలుపెడితే విషయం సులువుగా అర్థమవుతుంది.

సీసీ ఎంతవరకు చెబుతుంది

ఇంజన్ గురించి సామాన్యులు మొదట అడిగేది సీసీ. సిలిండర్ అనే గుండ్రని గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ ఒక్కసారికి ఎంత చోటును ఊడ్చుకుపోతుందో, ఇంజన్‌లో ఎన్ని సిలిండర్లుంటే అన్నింటిదీ కలిపి ఆ చోటు ఎన్ని ఘన సెంటీమీటర్లవుతుందో, ఆ అంకెనే సీసీ అంటారు. దీన్ని లెక్కగట్టడానికి రెండే కొలతలు చాలు: గొట్టం లోపలి వ్యాసం, దీన్ని మెకానిక్‌లు బోర్ అంటారు, పిస్టన్ పై అంచు నుంచి కింది అంచు వరకు చేసే ప్రయాణం, దీన్ని స్ట్రోక్ అంటారు. వ్యాసం నుంచి గొట్టం నోటి వైశాల్యం తెలుస్తుంది. దాన్ని ప్రయాణపు పొడవుతోనూ సిలిండర్ల సంఖ్యతోనూ హెచ్చవేస్తే సీసీ వస్తుంది.

2011 చివరి నుంచి గల్ఫ్ మార్కెట్లో అమ్ముడైన క్యామ్రీలో ఎక్కువగా ఉన్నది నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. దాని బోర్ 90 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 98 మిల్లీమీటర్లు. లెక్కవేస్తే ఒక్కో సిలిండర్‌కు సుమారు 623.5 ఘన సెంటీమీటర్లు, మొత్తం 2494 సీసీ. 2005లో భారతదేశంలోకి వచ్చి, బెంగళూరు దగ్గరి బిడదిలో తయారై, తెలుగు నేలమీద పదేళ్లకు పైగా తిరిగిన మొదటి తరం ఇన్నోవాలో ఎక్కువగా ఉన్నది డీజిల్ ఇంజన్. దాని బోర్ 92 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 93.8 మిల్లీమీటర్లు, దాన్నీ లెక్కవేస్తే వచ్చేది సరిగ్గా 2494 సీసీయే. ఒక గొట్టం కాస్త సన్నమైనా పిస్టన్ ప్రయాణం ఎక్కువ, రెండోది కాస్త వెడల్పయినా ప్రయాణం తక్కువ కావడంతో రెండూ ఒకే అంకె దగ్గర కలిశాయి.

అంకె ఒకటే అయినా ఈ రెండు ఇంజన్లకు మరెందులోనూ పెద్దగా పోలిక లేదు. క్యామ్రీ ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడు సుమారు 180 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇన్నోవా డీజిల్ 3600 చుట్ల దగ్గరే తన పూర్తి శక్తి అయిన 102 హార్స్‌పవర్‌ను చేరుకుంటుంది. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం కలిసిన గాలిని స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో మండిస్తారు; డీజిల్ ఇంజన్‌లో రవ్వ ఉండదు, గాలిని బిగించి నొక్కినప్పుడు పుట్టే వేడికే చల్లిన డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ కింద ఉన్నప్పటి చోటును పైకి చేరినప్పుడు మిగిలే చోటుతో పోల్చి చెప్పే అంకెను సంపీడన నిష్పత్తి అంటారు. క్యామ్రీ ఇంజన్‌లో అది 10.4కు 1, ఇన్నోవా డీజిల్‌లో 18.5కు 1. అంత ఒత్తిడిని తట్టుకోవడానికి డీజిల్ ఇంజన్ దిమ్మను బరువైన పోత ఇనుముతో చేస్తే, క్యామ్రీ ఇంజన్ దిమ్మ అల్యూమినియంది. కాబట్టి సీసీ ఒక్కటే తెలుసుకుని ఇంజన్ తెలిసిందనుకోవడం, బరువు చెబితే మనిషిని పోల్చుకున్నామనుకోవడం వంటిదే. ఒకే సీసీ ఉన్న పలు ఇంజన్లను వేరుచేసి చెప్పడానికి తయారీదారు పెట్టుకున్న సాధనమే ఇంజన్ సంకేతం.

సంకేతాన్ని విడదీసి చదవడం

క్యామ్రీ ఇంజన్ సంకేతం 2ఏఆర్-ఎఫ్ఈ. ఇన్నోవా డీజిల్ సంకేతం 2కేడీ-ఎఫ్‌టీవీ. మొదటి చూపుకు అర్థంలేని అక్షరాల పోగులా కనిపించే ఈ సంకేతంలో మూడు భాగాలున్నాయి. నడుమనున్న అక్షరాలు, అంటే ఏఆర్ గాని కేడీ గాని, ఇంజన్ ఏ కుటుంబానికి చెందినదో చెబుతాయి. ఒకే మూల నమూనా నుంచి పుట్టిన ఇంజన్లన్నింటికీ ఈ అక్షరాలు ఉమ్మడి కనుక వాటిని ఇంజన్ ఇంటిపేరు అనవచ్చు. వాటికి ముందున్న అంకె ఆ కుటుంబంలో అది ఎన్నో నమూనా అన్నది తెలుపుతుంది. గీత తర్వాతి అక్షరాలు ఆ నమూనా గుణాలను, ముఖ్యంగా దిమ్మ మీద కూర్చునే హెడ్ నిర్మాణాన్నీ ఇంధనం అందే పద్ధతినీ వివరిస్తాయి.

చాలామంది పొరబడేది ముందున్న అంకె దగ్గర. అది లీటర్లను గాని సిలిండర్లను గాని సూచించదు, అంకె పెరిగితే ఇంజన్ పెద్దదవుతుందన్న నియమమూ లేదు. కేడీ కుటుంబంలో 1కేడీ 2982 సీసీ అయితే 2కేడీ 2494 సీసీ మాత్రమే. ప్రాడో వంటి బండ్లలో వచ్చిన ఆరు సిలిండర్ల 1జీఆర్ 3956 సీసీ, గల్ఫ్‌లో ఆరియన్ పేరుతో అమ్ముడైన కారులోని 2జీఆర్ 3456 సీసీ. టీఆర్ కుటుంబంలో మాత్రం ఇది తిరగబడుతుంది: 1టీఆర్ 1998 సీసీ, హైలక్స్‌లో విరివిగా కనిపించే 2టీఆర్ 2694 సీసీ. పాత హైలక్స్ బండ్లలోని 22ఆర్ ఇంజన్‌ను చూసి అది 2.2 లీటర్లదని అనుకునేవారున్నారు. నిజానికి అది 2366 సీసీ, ఆ అంకె ఆర్ కుటుంబంలో వరుసను సూచిస్తుందే తప్ప పరిమాణాన్ని కాదు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లో పెద్దవాడే పొడుగరి కావాలన్న నియమం లేనట్టే ఇదీ.

ఇంటిపేరును బట్టి ఇంధనాన్ని ఊహించడం కూడా ప్రమాదమే. ల్యాండ్ క్రూజర్ బండ్లలో వచ్చిన 1ఎఫ్‌జడ్ పెట్రోల్ ఇంజన్. అదే బండ్లలో వచ్చిన, పేరులో ఒక్క అక్షరం మాత్రమే తేడా ఉన్న 1హెచ్‌జడ్ 4.2 లీటర్ల డీజిల్ ఇంజన్.

గీత తర్వాతి అక్షరాలను నేర్చుకోవడానికి మరికొంత ఓపిక కావాలి, కాని అవి నేర్చుకున్నవారికి ఇంజన్ లోపలి భాగం బయటినుంచే తెలుస్తుంది. ఎఫ్ అంటే గాలిని లోపలికి తీసే కవాటాలనూ పొగను బయటికి పంపే కవాటాలనూ రెండు వేర్వేరు ఇరుసులు నడుపుతాయని, ఆ రెండు వరుసల కవాటాల నడుమ కోణం ఇరుకుగా ఉండి ఇంధన పొదుపుకు అనుకూలమని అర్థం. జీ అయితే రెండు ఇరుసులే గాని కోణం వెడల్పు. ఎక్కువ గాలిని లోపలికి తీసుకుని వేగం కోసం చేసినది. ఈ అంటే ఇంధనాన్ని కార్బురేటర్ కాక ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మడం. టీ అంటే టర్బో, పొగ తోసే బలంతోనే తిరిగే చిన్న చక్రం గాలిని లోపలికి నెట్టడం. వీ అక్షరం డీజిల్ ఇంజన్ల చివర కనిపిస్తుంది. ఉమ్మడి గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కామన్ రైల్ పద్ధతికి అది గుర్తు. ఈ పాఠంతో 2ఏఆర్-ఎఫ్ఈని చదివితే ఏఆర్ కుటుంబపు రెండో నమూనా, ఇరుకు కోణపు జంట ఇరుసుల హెడ్, ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా అని తెలుస్తుంది; 2కేడీ-ఎఫ్‌టీవీలో టర్బో, కామన్ రైల్ ఉన్నాయని ఆ మూడక్షరాలే చెప్పేస్తాయి. 1హెచ్‌జడ్ పేరులో గీతే లేదు. టర్బో గాని ఎలక్ట్రానిక్ సరఫరా గాని లేని సాదా డీజిల్ అని ఆ లోటే తెలుపుతోంది, ఎడారి దారుల్లో ఆ ఇంజన్ మీద జనానికి ఉన్న నమ్మకానికి కారణం కూడా ఆ సాదాతనమే.

ఈ చివరి అక్షరాలను తేలిగ్గా తీసుకోరాదని చెప్పడానికి పాత కొరోలాలలోని 4ఏ ఇంజన్ మంచి ఉదాహరణ. 4ఏ-ఎఫ్ఈ, 4ఏ-జీఈ రెండింటికీ బోర్ 81 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 77 మిల్లీమీటర్లు, సీసీ 1587. ఇంటిపేరూ వరుసా సీసీ అన్నీ ఒకటే. మొదటిదానిలో కవాటాల నడుమ కోణం సుమారు 22 డిగ్రీలు, రెండోదానిలో 50 డిగ్రీలు కావడంతో హెడ్లు వేరు, కవాటాలు వేరు, వాటిమీది గాస్కెట్లూ గాలి గొట్టాలూ వేరు. స్పేర్ పార్టుల దుకాణంలో 4ఏ అని మాత్రమే చెప్పి తెచ్చుకున్న భాగం బండికి సరిపడకపోతే తప్పు దుకాణదారుది కాదు.

2017 తర్వాత వచ్చిన కొత్త టయోటా ఇంజన్లలో ఈ పద్ధతి మారింది. 2018 నమూనా క్యామ్రీతో వచ్చిన ఏ25ఏ-ఎఫ్‌కేఎస్ సంకేతంలో మొదటి ఏ కుటుంబాన్ని, 25 అంకె 2.5 లీటర్లను సూచిస్తాయి; 2021 నాటి ల్యాండ్ క్రూజర్ 300లోని వీ35ఏ-ఎఫ్‌టీఎస్‌లో 35 అంటే మూడున్నర లీటర్లు. పాత పద్ధతిలో పరిమాణాన్ని సూచించని అంకె కొత్త పద్ధతిలో సూచిస్తుంది కాబట్టి ముందుగా ఏ కాలపు సంకేతమో గుర్తించి చదవాలి. తక్కిన తయారీదారుల పద్ధతులు వారివారివే. గల్ఫ్‌లో యాక్సెంట్ పేరుతోనూ భారతదేశంలో వెర్నా పేరుతోనూ తిరిగిన హ్యుందాయ్ కార్లలోని జీ4ఎఫ్‌సీ సంకేతంలో జీ పెట్రోల్‌కు, 4 సిలిండర్ల సంఖ్యకు, ఎఫ్ కుటుంబానికి, సీ ఆ కుటుంబంలో నమూనాకు గుర్తులు. అది 1591 సీసీ. దానికి చివరి అక్షరం మాత్రమే తేడా ఉన్న జీ4ఎఫ్ఏ 1396 సీసీ. హ్యుందాయ్ పద్ధతిలో అంకె సిలిండర్లను చెబుతుంది, టయోటా పాత పద్ధతిలో చెప్పదు. ఒక సంస్థ సూత్రాన్ని మరో సంస్థ ఇంజన్‌కు వర్తింపజేయకపోవడం ఈ విద్యలో మొదటి జాగ్రత్త.

తలుపు స్తంభం మీది పలక

ఇంజన్‌లోకి తొంగిచూడక ముందే దాని పేరు తెలిపే చోటు ఒకటుంది. డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద గాని, కొన్ని బండ్లలో ఇంజన్ గది వెనుక గోడ మీద గాని తయారీదారు అతికించిన పలక కనిపిస్తుంది. దానిమీద ఉండే మోడల్ సంకేతంలోనే ఇంజన్ కుటుంబం దాగి ఉంటుంది. 2ఏఆర్ ఇంజన్ ఉన్న ఆ తరం క్యామ్రీ మోడల్ సంకేతం ఏఎస్‌వీ50; అంతకుముందు తరంలో 2362 సీసీ 2ఏజడ్ ఇంజన్‌తో వచ్చినది ఏసీవీ40. ఇక్కడ వీ అక్షరం క్యామ్రీకి గుర్తు, దాని ముందున్న ఏఎస్ ఏఆర్ కుటుంబాన్ని, ఏసీ ఏజడ్ కుటుంబాన్ని సూచిస్తాయి. డీజిల్ ఇన్నోవా కేయూఎన్40, అందులో కేయూ అంటే కేడీ కుటుంబం. 2016లో దాని స్థానంలో వచ్చిన క్రిస్టాలో 2393 సీసీ 2జీడీ ఇంజన్ చేరడంతో మొదటి అక్షరాలు జీయూగా మారాయి. ల్యాండ్ క్రూజర్‌కు గుర్తయిన జే ముందున్న అక్షరాలూ అంతే: పాత ఎఫ్‌జే40లో ఎఫ్ పెట్రోల్ ఇంజన్, బీజే40లో బీ డీజిల్ ఇంజన్, హెచ్‌జడ్‌జే75లో హెచ్‌జడ్ ఇంజన్. మోడల్ అంకె తర్వాత ఎల్ ఉంటే స్టీరింగ్ ఎడమవైపు, ఆర్ ఉంటే కుడివైపు. మొత్తం సంకేతం చివర వీ అక్షరం ఉంటే ఆ బండి గల్ఫ్ దేశాల కోసం తయారైనదని అర్థం.

అదే పలకమీద పదిహేడు అక్షరాంకెల చాసిస్ నంబరు కూడా ఉంటుంది. అంకెలతో కలిసిపోయి గందరగోళం కలగకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను ఆ నంబరులో వాడరు. దాని మొదటి అక్షరాలు బండి పుట్టిన దేశాన్ని తెలుపుతాయి: జేటీ జపాన్ టయోటా, ఎంఆర్ థాయ్‌లాండ్, ఎంబీజే భారతదేశపు టయోటా. ఏఎస్‌వీ50 క్యామ్రీలలో చాలావాటికి ఈ నంబరు 6టీ1తో మొదలవుతుంది. అవి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దగ్గర ఆల్టోనాలో తయారై గల్ఫ్‌కు ఎగుమతైనవి. 2012 చివర్లో ఏఆర్ ఇంజన్ల తయారీ మొదలైన ఆల్టోనా కర్మాగారం 2017 అక్టోబర్ 3న మూతపడింది. బలద్ వీధుల్లో ఇప్పటికీ తిరుగుతున్న ఆ కార్ల తయారీ చోటు ఇక లేదని గ్రహిస్తే, వాటికి కావలసిన పాత ఇంజన్ల కోసం, పాత, దెబ్బతిన్న కార్లను విడదీసి భాగాలుగా అమ్మే తష్లీహ్‌ల వెంట తిరిగేవారు ఎందుకంత మందో అర్థమవుతుంది.

అయితే పలకకు ఒక పరిమితి ఉంది. కర్మాగారంలో ఏ ఇంజన్ బిగించారో అది చెబుతుంది గాని, ఈ రోజు లోపల ఏది ఉందో చెప్పలేదు. కొందరు మెకానిక్‌లు స్కానర్ తగిలించి తెరమీద వచ్చిన చాసిస్ నంబరును చూపి ఇంజన్ ఒరిజినల్ అని తేల్చేస్తారు. ఆ నంబరు కారు శరీరానికి బిగించిన కంప్యూటర్‌లో దాచినది, ఇంజన్ దిమ్మను మార్చినా అది మారదు. స్కానర్ సాక్ష్యం పలక సాక్ష్యాన్ని మించినది కాదు.

దిమ్మమీది ముద్ర

నేటి ఇంజన్ ఏదో నేరుగా చెప్పగలిగేది దాని దిమ్మమీద కొట్టిన ముద్ర ఒక్కటే. పోత పోసిన దిమ్మ గరుకుగా ఉంటుంది. అందులో ఒకచోట, చాలా ఇంజన్లలో గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర, యంత్రంతో నున్నగా చేసిన చిన్న మెట్టులాంటి స్థలాన్ని వదిలి దానిమీద కుటుంబ సంకేతాన్నీ దాని వెంట వరుస సంఖ్యనూ అచ్చు కొడతారు. గీత తర్వాతి అక్షరాలు దిమ్మకు కాక దానిమీద కూర్చునే భాగాలకు చెందినవి కనుక టయోటా ముద్రలో అవి తరచు ఉండవు. 2ఏఆర్ అని మాత్రమే కనిపించినంత మాత్రాన కంగారుపడనక్కరలేదు. నూనె మడ్డి, ధూళి కప్పేసి ఉంటే గుడ్డకు కిరసనాయిలు గాని డీజిల్ గాని తడిపి తుడిస్తే అక్షరాలు తేలుతాయి. ముద్ర లోతు అంతటా ఒకేలా ఉండాలి, అక్షరాలు ఒకే వరుసలో ఉండాలి, చుట్టూ లోహం మీద ఆకురాయి గీతలు గాని వెల్డింగ్ పొంగు గాని ఉండకూడదు.

ఇంజన్ సంకేతానికీ ఇంజన్ నంబరుకూ ఉన్న తేడాను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. సంకేతం జాతిని చెబుతుంది, నంబరు ఒకే ఒక్క ఇంజన్‌ను చెబుతుంది. ప్రపంచంలో 2ఏఆర్ ఇంజన్లు లక్షల్లో ఉన్నా ఒక నంబరుతో ఉన్నది ఒక్కటే. స్పేర్ పార్టు కొనేవారికి సంకేతం చాలు. యాజమాన్యం రుజువు కావాలంటే నంబరు కావాలి. భారతదేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 122వ నియమం చాసిస్ నంబరునూ ఇంజన్ నంబరునూ లోహం మీద చెక్కడాన్ని తప్పనిసరి చేసింది. రిజిస్ట్రేషన్ పత్రంలో రెండూ నమోదవుతాయి, ఇంజన్ మార్చినవారు ఆ మార్పును 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నమోదు చేయించుకోవాలి.

ఈ నమోదులు కాగితపు తతంగాలు కావని తెలుగువారికి ఈ మధ్యే తెలిసింది. 2025లో శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారానికి చెందిన సుమారు 900 ఇంజన్లు కొన్నేళ్లుగా కొద్దికొద్దిగా మాయమయ్యాయన్న ఫిర్యాదుపై పోలీసులు దర్యాప్తు చేపట్టారు. కారులోకి ఎక్కని ఇంజన్‌కు చాసిస్ ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు, పలక ఉండదు. అటువంటి ఇంజన్ ఎక్కడైనా కనిపిస్తే దాన్ని గుర్తుపట్టడానికి మిగిలే ఆధారం దిమ్మమీది నంబరే.

జిద్దాలో పరిస్థితి వేరుగా ఉన్నా మూలం ఒకటే. ఎండవేడికి కూలెంట్ తగ్గి ఇంజన్ చెడితే, కొత్త ఇంజన్ కొనే స్తోమత లేనివారు తష్లీహ్‌కు వెళ్లి వాడిన ఇంజన్ తెచ్చి సనాయా అనే పారిశ్రామికవాడలోని వర్క్‌షాపులో బిగిస్తారు. ఇందులో తప్పేమీ లేదు, బండి మళ్లీ పరుగెత్తడానికి అదే చౌకైన దారి. తష్లీహ్ రసీదు దాచుకోకపోవడం, కొనేటప్పుడు దిమ్మమీది నంబరును ఆ రసీదులో రాయించుకోకపోవడం మాత్రం తప్పు. ఆ ఇంజన్ ఏ కారు నుంచి వచ్చిందో తెలియని స్థితిలో బండిని అమ్మబోతే ధర పడిపోతుంది, ఆ పాత కారు వివాదంలో చిక్కినదైతే పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది తెచ్చి బిగించినవారే.

కొలతలతో రూఢి చేసుకోవడం

ముద్ర అరిగిపోయినప్పుడూ అనుమానం కలిగించినప్పుడూ ఇంజన్ కొలతలే సాక్ష్యం చెబుతాయి. మొదట కంటితో చూసేవి చూడాలి. హెడ్ పైన వరుసగా ఇగ్నిషన్ కాయిల్స్ ఉంటే అది పెట్రోల్ ఇంజన్, వాటి బదులు గట్టి ఉక్కు గొట్టాలు ఒక్కో సిలిండర్‌కు చేరుతుంటే డీజిల్ ఇంజన్. ఆ కాయిల్స్ సంఖ్య సాధారణంగా సిలిండర్ల సంఖ్యకు సమానం. పొగ గొట్టానికి ఆనుకుని నత్తగుల్ల ఆకారపు భాగం ఉంటే టర్బో ఉన్నట్టు. నాలుగు కాయిల్స్ ఉన్న ఇంజన్‌ను 2జీఆర్ అని ఎవరూ ఒప్పించలేరు, ఎందుకంటే జీఆర్ కుటుంబమంతా ఆరు సిలిండర్లదే.

పోలిక దగ్గరగా ఉన్న ఇంజన్లను విడదీయడానికి కొలబద్ద పట్టవలసి ఉంటుంది. పాత 2ఏజడ్, కొత్త 2ఏఆర్ రెండూ నాలుగు సిలిండర్ల అల్యూమినియం పెట్రోల్ ఇంజన్లే కనుక అనుభవం లేనివారికి ఒకేలా కనిపించవచ్చు. 2ఏజడ్ స్ట్రోక్ 96 మిల్లీమీటర్లు, 2ఏఆర్ స్ట్రోక్ 98 మిల్లీమీటర్లు. నేర్పున్న మెకానిక్ బ్యాటరీ తీగ విప్పి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఒక రంధ్రంలోంచి పిస్టన్ తలను గీరని మెత్తని సన్నని కడ్డీని దించి, ముందువైపు పెద్ద చక్రాన్ని పానాతో నెమ్మదిగా తిప్పుతూ కడ్డీ అత్యంత పైకి వచ్చిన చోటునూ అత్యంత కిందికి దిగిన చోటునూ గుర్తుపెడితే, ఆ రెంటి నడుమ దూరమే స్ట్రోక్. రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదే అయినా, ఓర్పుగా రెండు మూడుసార్లు కొలిస్తే అది తప్పించుకోలేదు. హెడ్ విప్పవలసిన సందర్భం ఎలాగూ వస్తే బోర్‌ను కూడా కొలవవచ్చు, 88.5 మిల్లీమీటర్లయితే 2ఏజడ్, 90 అయితే 2ఏఆర్.

సంపీడన పీడనాన్ని కొలిచే గేజీ మరో సాక్షి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో ఈ గేజీ సాధారణంగా 12 నుంచి 14 బార్ల దగ్గర ఆగుతుంది, డీజిల్‌లో 25 బార్లను దాటుతుంది. ఒకే ఇంజన్‌లోని సిలిండర్ల నడుమ ఈ పీడనం బాగా తేడాగా ఉంటే, ఇంజన్ పేరు సరైనదే అయినా దాని ఆరోగ్యం సరిగా లేదు. పెట్రోల్ ఎంపికకు సంపీడన నిష్పత్తే ఆధారం: సౌదీ పంపుల్లో దొరికే 91, 95 ఆక్టేన్ రకాల్లో ఏది వాడాలో తయారీదారు ఆ ఇంజన్ సంపీడన నిష్పత్తిని బట్టి నిర్ణయించి పుస్తకంలో చెబుతాడు. కారు పేరును కాక ఇంజన్ సంకేతాన్ని చూసి ఆ సూచనను పాటించాలి, ఎందుకంటే ఒకే పేరుగల కారు వేర్వేరు ఇంజన్లతో అమ్ముడై ఉండవచ్చు. ఇంజన్ నూనె ఎన్ని లీటర్లు పట్టాలన్నదీ, ఏ చిక్కదనం నూనె పోయాలన్నదీ అంతే.

కొనబోయేవారు తలుపు స్తంభం మీది పలకనూ, దిమ్మమీది ముద్రనూ, చేతిలోని రిజిస్ట్రేషన్ కాగితాన్నీ ఫోటో తీసి పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఇంజన్ మార్చిన బండి అయితే తష్లీహ్ రసీదు అడగాలి, అందులోని నంబరు దిమ్మమీది నంబరుతో కలవాలి. వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా, అమ్మేవారు దానికి కారణాన్ని కాగితంతో చూపేదాకా ఒక్క రియాల్ కూడా చెల్లించకూడదు.